వీసమెత్తు

క్లీవ్‌లాండ్‌లో డిసెంబరు.
సరస్సు మీంచి వచ్చే గాలి
బాకీ వసూలుకొచ్చినవాడిలా
వంటింటి కిటికీని తడుతోంది.
బల్ల మీద ఓటు కాగితం, చల్లారిన కాఫీ.
పది పేర్లకు మించి గీత పెట్టకూడదు.
నేనేమో ఒక్క పేరు దగ్గరే
మూడు రోజులుగా ఆగిపోయాను.

ఎమెట్ ట్రెమెయిన్. ఎడమ ఫీల్డు.
పదిహేనో ఏడు, ఇదే ఆఖరు.
ఈసారి తప్పితే
ఈ కాగితం మీద ఆ పేరు మళ్ళీ కనబడదు.

ఆరువేల ఎనిమిది వందల నలభై రెండు సార్లు
బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు.
రెండువేల నలభై తొమ్మిది హిట్లు.
భాగించి చూడండి, నేను వందసార్లు భాగించాను:
వెయ్యికి రెండు వందల తొంభై తొమ్మిది.
ఇంకొక్కటి, ఒకే ఒక్కటి పడి ఉంటే
మూడు వందలు.
మాలాంటి ముసలివాళ్ళకి మూడు వందలంటే గడప.
దాటినవాడు లోపల,
ఆగినవాడు అరుగు మీద.

ఆ ఒక్కటి ఎక్కడ పోయిందో నాకు తెలుసు.
నా దగ్గరుంది.

డెబ్భై నాలుగు, సెప్టెంబరు, సన్నటి వాన.
డెబ్భై వేలు పట్టే స్టేడియంలో
నాలుగు వేలమంది, అందులో సగం గొడుగులే.
అప్పట్లో పత్రికలవాళ్ళమే లెక్క రాసేవాళ్ళం,
ఆటకింతని కూలి.
ఏడో ఇన్నింగ్సులో అతను కొట్టిన బంతి
గడ్డి మీద జారి
షార్ట్‌స్టాప్ చేతికి తగిలీ తగలక పక్కకు పోయింది.
హిట్టా? ఫీల్డరు తప్పా?
సిగరెట్టు నుసి రాలేంతసేపు ఆలోచించి
'తప్పు' అని రాశాను.

అంతకు ముందురోజు అతను
నా ప్రశ్నకి జవాబివ్వకుండా
తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.
దానికీ దీనికీ సంబంధం లేదని
ఇరవై తొమ్మిదేళ్ళుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను.

మార్చడానికి ఒక రోజు గడువుంటుంది.
మర్నాడు మెట్ల దగ్గర ఎదురుపడ్డాడు.
అడుగుతాడనుకున్నాను.
"బంతి తడిగా ఉంది" అన్నాడు.
ఎవరి తరఫునో తెలియలేదు.

పై వాటా టోబయస్ గణితం చదువుతాడు.
నిన్న రాత్రి లాప్‌టాప్ తెచ్చి ఇదే బల్ల మీద పెట్టాడు.
"మూడు వందల్లో ఏముంది హావ్లిక్ గారూ,
మనకి పది వేళ్ళున్నాయి కాబట్టి గుండ్రటి అంకె.
పన్నెండుంటే వేరే గడపకి మొక్కేవాళ్ళు."
అతని లెక్కలో ప్రశ్నే వేరు:
ట్రెమెయిన్ బదులు ఊరూ పేరూ లేని
ఎవడో ఒకడు ఆడి ఉంటే
ఇంకెన్ని ఆటలు ఓడేవాళ్ళం?
ముప్పై ఒకటి.
పద్నాలుగేళ్ళ మోకాళ్ళకి ముప్పై ఒకటి.
లోపలున్నవాళ్ళ దరిదాపుల్లో లేదు.

"మరి ఆ ఒక్క హిట్టు?"
మీటలు నొక్కాడు.
"ఒక్క పరుగు కూడా కాదు. వీసమెత్తు.
మీరు హాయిగా నిద్రపోవచ్చు."

నిద్ర పట్టలేదు.
ఇన్నేళ్ళు మోసిన బరువుని తక్కెట్లో పెడితే
ముల్లు కదలకపోవడం
ఎంత అవమానమో ఆ కుర్రాడికి తెలీదు.
క్షమించడం వేరు,
నీ తప్పు లెక్కలోకే రాదనడం వేరు.

అటక మీంచి ఆనాటి పుస్తకం దించాను.
పెన్సిలు గీత ఇంకా వెలిసిపోలేదు.
టోబయస్ అంకెల్ని నమ్ముతాను,
నాకంటే నిజాయితీగలవి.
కానీ అతని యంత్రం తిన్నదీ
నాలాంటివాళ్ళ పెన్సిళ్ళు వడ్డించిందే.
ఈ పేజీలో ప్రతిదానికీ గడి ఉంది,
బంతికి, పరుగుకి,
ఔటైనవాడికి, మిగిలినవాడికి.
తడికి గడి లేదు.
తువ్వాలుకీ లేదు.

ఓటు కాగితంలో ఆ పేరు పక్కన
ఏ గీతా పెట్టకుండా కవరు అంటించాను.
చెయ్యి వణికింది, చలికే అనుకోండి.
తర్వాత పాత పుస్తకంలో
ఏడో ఇన్నింగ్సు అంచున
చిన్నక్షరాలతో రాశాను:
వాన పడుతోంది.